చేతులు పై అంతస్తులో బాగుచేయబడును

నాగరిక సమాజంలో ప్రతి పౌరుడికీ దెబ్బ తినే స్వేచ్ఛ ఉంది. తిన్న దెబ్బను నిరూపించుకునే బాధ్యత కూడా ఉంది. ఈ రెండింటి మధ్య వంతెన వెయ్యడానికే బాధితుల ఊరట కేంద్రం వెలిసింది. వంతెన కట్టడం పూర్తయింది. రెండు ఒడ్లూ ఎక్కడున్నాయన్నదే పరిశీలనలో ఉంది.

కేంద్రం రెండంతస్తుల మేడ. కింది అంతస్తు బాధితులది. పై అంతస్తు ఎవరిదో కింది అంతస్తులో ఎక్కడా రాసి ఉండదు. గుమ్మం మీద 'మీ కన్నీరే మా కర్తవ్యం' అన్న బోర్డు వేలాడుతుంది. (తుడవడమా, తెప్పించడమా అన్న వివరణ ఇంకా విడుదల కాలేదు.) లోపల కుర్చీలన్నీ నేలకు బోల్టులతో బిగించి ఉంటాయి. బాధితులు కుర్చీలు ఎత్తుకుపోతారన్న అనుమానం కేంద్రానికి ఎన్నడూ లేదు. వాటిని దగ్గరగా జరుపుకుని కష్టసుఖాలు చెప్పుకుంటే ఒకరి కేసు ఇంకొకరికి అంటుకుంటుందన్న ముందుజాగ్రత్త, అంతే.

ఆ కుర్చీల్లో ఒకదాని మీద ఒక సోమవారం పొద్దున్నే ఒక టైలరమ్మ కూర్చుంది. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. పక్కన ఆమె అత్తగారు. టైలరమ్మ భర్త సరుకు లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి, ఇంట్లో గొడవ పడే పనులన్నీ అత్తగారే చూస్తారు.

జరిగింది చిన్న కథే. టైలరమ్మ సంచి భుజాన వేసుకుని సందు మలుపు తిరుగుతుంటే ఒక దొంగ సంచి పట్టుకు లాగాడు. ఆమె వదల్లేదు. అతనూ వదల్లేదు. ఇద్దరూ చెరో వైపు లాగిన లాగుడుకి సంచిలోని కత్తెర గుడ్డను చీల్చుకుని వచ్చి ఆమె మణికట్టు దగ్గర దిగింది. దొంగ సంచితో పరుగెత్తాడు. అందులో కొలతల టేపు, ఒక కాలు మాత్రమే కుట్టిన ప్యాంటు ఉన్నాయి. గుడ్డ మంచిది కావడంతో, రెండో కాలు కుట్టించుకుందామని అతను ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళాడు. ఆ టైలరు కుట్టు చూడగానే ఇది ఎవరి చేతిపనో పోల్చుకుని పోలీసులకు ఫోన్ చేశాడు. దొంగ దొరికాడు, ఒప్పుకున్నాడు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

సవ్యంగా లేనిది బొటనవేలు. అది వంగడం లేదు.

"లోపల నరం తెగింది," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "ఈ నెలాఖరులోగా కుట్టెయ్యాలి. ఆలస్యమైతే తెగిన కొసలు దూరం జరిగిపోతాయి. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఊడిన కుట్టును వెంటనే వెయ్యకపోతే ఏమవుతుందో టైలరుకి ఒకరు చెప్పాలా? ఆమె ఆ క్షణమే బల్ల మీద పడుకోవడానికి సిద్ధపడింది. కానీ ఆస్పత్రి వారు, ఊరట కేంద్రం నుంచి ఖర్చు మాదేనన్న హామీ ఉత్తరం తెస్తేనే కత్తి తీస్తామన్నారు. ఆ బొటనవేలు వంగితేనే ఆ ఇల్లు నడుస్తుంది. అందుకే అత్తా కోడళ్ళు బోల్టు కుర్చీల్లో కూర్చున్నారు.

మొదట సానుభూతి అధికారి పిలిచాడు. ఏ బాధితుడితోనైనా పని మాట్లాడేముందు సానుభూతి చెప్పాలన్నది నిబంధన. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలన్నది ఉపనిబంధన.

"మీకు జరిగినదానికి కేంద్రం ఎంతగానో చింతిస్తోంది. మీ స్థానంలో ఎవరున్నా..."

"అది సరే బాబూ, డాక్టరు నెలాఖరన్నాడు," అన్నారు అత్తగారు.

అధికారి కళ్ళు మూసి తెరిచాడు. "మీకు జరిగినదానికి కేంద్రం ఎంతగానో చింతిస్తోంది. మీ స్థానంలో ఎవరున్నా ఇలాగే కుమిలి..."

"కుమలడానికి తీరికెక్కడిది నాయనా, ఇవాళ్టికి అరడజను జాకెట్లు..."

"మీకు జరిగినదానికి..."

"అత్తయ్యా, దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం నోరు మూసుకోండి," అంది కోడలు.

"నన్నే నోరు మూసుకోమంటావా?"

"మీకు," అన్నాడు అధికారి నీరసంగా, "జరిగినదానికి..."

చివరికి కోడలు ఎడమచేత్తో అత్తగారి నోరు మూసి పట్టుకుంటే సానుభూతి పూర్తయింది. పూర్తయినట్టు ముద్ర పడింది. ఇద్దరినీ అంచనాల అధికారిణి గదికి పంపారు.

అంచనాల అధికారిణి కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, చేతిని కాకుండా చేతికున్న కట్టును చూసింది.

"ఆపరేషన్ బిల్లు తెచ్చారా?"

"ఆపరేషన్ ఇంకా కాలేదండి. మీ హామీ ఉత్తరం చూస్తేనే చేస్తామన్నారు."

"బిల్లు చూడకుండా హామీ ఎలా ఇస్తామమ్మా? కాని ఆపరేషన్‌కి మేం హామీ ఇచ్చేశాక, మీ మనసు మారితే?"

"మనసు మారడానికి ఇదేమన్నా సినిమా టిక్కెట్టా?" అన్నారు అత్తగారు.

అధికారిణి నొచ్చుకోలేదు. అత్తగార్ల మాటలకు నొచ్చుకోకుండా ఉండేందుకు కేంద్రం ఏటా తరగతులు పెడుతుంది. "గాయం మానుతోందా?" అని అడిగింది.

"పైకి మానిందండి. లోపల తెగే ఉంది."

"మా కొలతలన్నీ పైవేనమ్మా. మానిన గాయానికి పరిహారం ఉండదు. మానకపోతే, శ్రద్ధ తీసుకోలేదని కోత పెడతాం." ఆమె ఒక కాగితం తిప్పింది. "అసలు ఇబ్బంది అది కాదు. పోలీసులు పంపినదాంట్లో, దొంగ సంచి లాగినప్పుడు మీరు వదల్లేదని ఉంది."

"అవునండి. వదల్లేదు."

"ఎందుకని?"

"నాది కదండీ," అంది.

"అదే మరి. వదిలేసి ఉంటే కత్తెర దిగేది కాదు. దీన్ని మేము నేరంలో బాధితురాలి వాటా అంటాం. లాగిన ఇద్దరిలో మీరొకరు కాబట్టి, మీ వాటా సగం."

"అంటే సగం దొంగతనం మా కోడలు చేసిందా?"

"దొంగతనం కాదు పెద్దమ్మగారూ, దెబ్బ. మీరు అపార్థం చేసుకుంటున్నారు." సర్దిచెప్పడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. "ఆ సగం సంగతి కమిటీ తేలుస్తుంది. కమిటీ వచ్చే నెలలో కూర్చుంటుంది."

"డాక్టరు ఈ నెలాఖరన్నాడండి," అంది టైలరమ్మ.

"డాక్టర్లు అలాగే తొందరపెడతారమ్మా," అంది అంచనాల అధికారిణి దయగా.

బయటికొచ్చాక కోడలు కట్టులోంచి బయటికి కనిపిస్తున్న బొటనవేలి వంక చూస్తూ కూర్చుంది. వంచడానికి ప్రయత్నిస్తోందని అత్తగారికి అర్థమైంది. వేలు కదల్లేదు. అత్తగారు, "ఉండవే, బాత్రూంకి వెళ్ళొస్తా," అని లేచారు.

కింది అంతస్తు బాత్రూంకి తాళం ఉంది. (బాధితులు లోపలికెళ్ళి ఏడుస్తూ ఎక్కువసేపు ఉండిపోతున్నారని వేసిన తాళం.) ఊడ్చే ఆవిడ చీపురుతోనే మెట్లవైపు చూపించింది. ఈ విధంగా, కేంద్రం చరిత్రలో మొదటిసారి, ఒక బాధితురాలి తరఫు మనిషి పై అంతస్తు మెట్లెక్కింది.

పైన తలుపు తీయగానే చల్లగాలి తగిలింది. మెత్తటి కుర్చీలు, ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకునేవి. కిటికీలకు కర్టెన్లు. మూలన టీ మిషను. గోడ మీద 'నేరస్తుల పునరావాస విభాగం. స్వాగతం' అని రంగురంగుల అక్షరాలు. కిటికీ పక్క కుర్చీలో బిస్కట్టు టీలో ముంచుకుంటూ కూర్చున్న యువకుడు అత్తగారిని చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"నమస్కారం పెద్దమ్మా! పోలీస్ స్టేషన్లో చూశాను మిమ్మల్ని. అక్క చెయ్యి ఎలా ఉంది?"

అత్తగారు అతన్ని ఎగాదిగా చూశారు. "నువ్వా సంచి దొంగవి?"

"నేనే పెద్దమ్మా. నిజం చెప్తున్నా, ఆ కత్తెర సంగతి నాకు తెలీదు. తెలిస్తే ముందే వదిలేసేవాణ్ణి. ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టట్లేదు."

"నిద్ర పట్టకపోతే టీ తాగుతారా ఎవరైనా?"

"అలవాటైపోయింది పెద్దమ్మా. ఇక్కడ ఎంతసేపైనా ఊరికే ఇస్తారు." అతను భుజం గుండ్రంగా తిప్పి చూపించాడు. "అక్క అబ్బో, ఏం లాగింది! భుజం జారిపోయింది నాకు. చెయ్యెత్తలేకపోయాను. వీళ్ళే ఆస్పత్రికి తీసుకెళ్ళి సరిచేయించారు. రోజూ ఒకాయన వచ్చి కసరత్తు కూడా చేయిస్తాడు."

"కమిటీ కూర్చుందా?" అని అడిగారు అత్తగారు.

"ఏ కమిటీ?" అన్నాడు దొంగ.

ఇక్కడ ఒక చిన్న వివరణ అవసరం. పై అంతస్తుకు మనసు ఎక్కువనీ, కింది అంతస్తుకు తక్కువనీ అనుకుంటే పొరపాటు. రెండింటి మనసూ ఒకటే, లెక్క వేరు. కింది అంతస్తుకు ఒక బాధితుడు ఎన్నిసార్లు తిరిగొస్తే అంత ఆదరణ ఉన్నట్టు. అందుకే అక్కడ ఎవరినీ ఒక్కసారితో తేల్చి పంపరు. పై అంతస్తుకు ఒక నేరస్తుడు తిరిగొస్తే ఓడిపోయినట్టు. అందుకే అక్కడ కాలు, చెయ్యి, పన్ను, పని, అన్నీ మొదటి రోజే బాగుచేసి పంపుతారు. రెండు అంతస్తులకూ ఏటా ఉత్తమ సేవా పతకాలు వస్తాయి. రెండూ అర్హమైనవే.

ఇదంతా అత్తగారికి చెప్పింది పై అంతస్తులోని మార్పు అధికారిణి. ఆమె నవ్వుతూనే వచ్చింది, నవ్వుతూనే కూర్చోబెట్టింది.

"చేతిపని తెలిసిన నేరస్తులైతే మాకు ప్రాణం పెద్దమ్మగారూ. చెయ్యి దెబ్బతిని ఉంటే అదే వారం ఆపరేషన్ చేయిస్తాం. పని లేని చెయ్యే కదా ఇంకొకరి సంచి మీద పడేది?"

"మా కోడలిది అచ్చంగా అలాంటి చెయ్యే."

"నేరస్తురాలా?"

"కాదమ్మా, బాధితురాలు."

ఆమె ముఖంలో నవ్వు మొదటిసారి వాడింది. "అయ్యో," అంది నిజమైన బాధతో. "అయితే మేమేమీ చెయ్యలేం."

అత్తగారు మెట్లు దిగుతుండగా ఆలోచన వచ్చింది. ఆఖరి మెట్టు దగ్గరకొచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. దొంగ కూడా ఆమె వెనకే దిగాడు. (పై అంతస్తువారికి ఎక్కడికైనా తిరిగే స్వేచ్ఛ ఉంది. సమాజంలో కలవడంలో అది భాగం.)

అతన్ని చూడగానే టైలరమ్మ ఎడమచెయ్యి సంచి కోసం వెతుక్కుంది. సంచి లేదని గుర్తొచ్చి ఆగింది.

"క్షమించక్కా," అన్నాడు దొంగ తల వంచుకుని.

"ఆ ప్యాంటు నలిపెయ్యలేదు కదా?" అంది ఆమె.

"ఇస్త్రీ చేయించి పోలీసులకిచ్చాను."

"ఆ మాటలు తర్వాత," అన్నారు అత్తగారు. "అమ్మాయ్, నువ్వు ఒక దొంగతనం చెయ్యాలి."

కోడలు అత్తగారి నుదురు తాకి చూసింది. అత్తగారు చెయ్యి తోసేసి జరిగిందంతా చెప్పారు. కోడలు చాలాసేపు వినలేదు. పుట్టి బుద్ధెరిగి మిగిలిన గుడ్డ ముక్క కూడా ఇచ్చినవారికే తిరిగిచ్చానంది. నలుగురికీ తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోనంది. అత్తగారు ఆ వంగని బొటనవేలి మీద తన చెయ్యి వేశారు.

"నా మాట కాదు. దీన్ని అడుగు," అన్నారు.

కోడలు తల ఊపింది. "అయితే ఒకటే షరతు. పోగొట్టుకున్నవాళ్ళు బాధపడకూడదు."

అలాంటి వస్తువు కోసం ముగ్గురూ హాలంతా కలయజూశారు. దొంగ తన వృత్తి అనుభవాన్ని వారి ముందు పరిచాడు. కుర్చీలు బిగించి ఉన్నాయి. ఫ్యాను ఎత్తు ఎక్కువ. బల్ల మీది గాజు పలకకి బరువు ఎక్కువ, ఒంటిచేత్తో కాదు. చివరికి అతని చూపు సానుభూతి అధికారి కిటికీ ముందున్న ఇత్తడి చేతిగంట మీద ఆగింది. దాని పక్కనే 'సాయం కావాలంటే మోగించండి' అని రాసి ఉంది.

"ఇదైతే ఎవరికీ నొప్పి ఉండదక్కా," అన్నాడతను. "దీంతో ఎవరికీ పని లేదు."

"మోగుతుందేమోరా!" అన్నారు అత్తగారు.

"మోగనీ. మొదటిసారి చేతులు వణుకుతాయి, తప్పదు. పరుగెత్తకక్కా, అదొక్కటే. పరుగెత్తితే అనుమానిస్తారు."

టైలరమ్మ లేచి వెళ్ళి ఎడమచేత్తో గంట ఎత్తింది. అది గణగణమంది. కిటికీ వెనక సానుభూతి అధికారి తల ఎత్తలేదు. ఆమె ఒక అడుగు వేసింది, గంట మోగింది. ఇంకో అడుగు, మళ్ళీ మోగింది. అంచనాల అధికారిణి ఎదురుగా వస్తూ పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఊడ్చే ఆవిడ కాళ్ళు పైకెత్తమంది. గుమ్మం దగ్గర కాపలాదారు తలుపు తీసి పట్టుకున్నాడు. గంట మోగినప్పుడు పట్టించుకోకుండా పనిచేసుకోవడం ఆ అంతస్తులో చేరినవారందరికీ మొదటి రోజే అలవడే విద్య. ఆ విద్యలో వారిని మించినవారు లేరు.

టైలరమ్మ గంటతో సహా వీధిలో నిలబడింది. ఎవరూ వెంటపడలేదు. అత్తగారు బయటికొచ్చి అటూ ఇటూ చూశారు.

"ఇదేం ఖర్మే! దొంగతనం చేసినా దొరకలేని దురదృష్టవంతులం మనమే."

దొంగ ఆశ్చర్యం నుంచి తేరుకోలేదు. "ఇన్నాళ్ళూ నేను అనవసరంగా సందుల్లో కష్టపడ్డాను పెద్దమ్మా," అన్నాడు.

తప్పనిసరై ముగ్గురూ లోపలికి వెళ్ళి, గంటను మోగిస్తూనే పై అంతస్తు ఎక్కి, నేరాన్ని ఒప్పుకున్నారు. మార్పు అధికారిణి రెండు చేతులతో టైలరమ్మ ఎడమచెయ్యి పట్టుకుంది.

"మొదటి నేరమా? తనంతట తానే వచ్చి ఒప్పుకోవడమా? ఎంత బాగుందండీ! కూర్చోండి, కూర్చోండి. టీలో చక్కెర వెయ్యమంటారా?"

ఆ గురువారం ఆపరేషన్ జరిగింది. అప్పటికింకా నెలాఖరు రాలేదు. తెగిన కొసలు దొరికాయని డాక్టరు చెప్పాడు. తర్వాత కసరత్తు చేయించే ఆయన రోజూ ఇంటికే వచ్చాడు. ఒక సాయంత్రం అత్తగారు పప్పు కలుపుతుండగా కోడలు, "అత్తయ్యా, ఇటు చూడండి," అంది. బొటనవేలు మెల్లగా, మొండిగా వంగి, చూపుడువేలి చివరను తాకింది. అత్తగారు గరిటె గిన్నెలో వదిలేసి చాలాసేపు అటే చూశారు. ఆ తర్వాత, "సరే, సూదిలో దారం ఎక్కించు, నాకు కళ్ళు ఆనడం లేదు," అన్నారు. కళ్ళు ఎందుకు ఆనడం లేదో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కేంద్రం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. గంట పోయింది కాబట్టి (తిరిగొచ్చిన మాట నిజమే గానీ, పోవడమంటూ జరిగింది కదా) కేంద్రం కూడా నేరానికి గురైనట్టే. అందువల్ల కేంద్రం తన కింది అంతస్తులో తానే బాధితుడిగా దరఖాస్తు పెట్టుకుంది. నిబంధన ప్రకారం సానుభూతి అధికారి కేంద్రానికి సానుభూతి చెప్పాలి. చెప్పించుకోవడానికి ఇంకెవరూ లేకపోవడంతో అద్దం ముందు నిలబడి తనకు తానే చెప్పుకున్నాడు. ఎవరూ అడ్డురాలేదు. మొదటిసారికే పూర్తయింది. అంచనాల అధికారిణి దొంగతనం జరిగిన తీరును క్షుణ్ణంగా పరిశీలించి, గంట అన్నిసార్లు మోగినా కేంద్రం తరఫున ఏ ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదనీ, ఎలాంటి ప్రతిఘటనా లేదనీ, కాబట్టి నేరంలో బాధితుడి వాటా సున్నా అనీ తేల్చింది. కమిటీ ఆ మధ్యాహ్నమే కూర్చుంది. పరిహారం కోత లేకుండా మంజూరైంది.

కమిటీ ఎలాగూ కూర్చుంది కనుక, టైలరమ్మ దరఖాస్తు కూడా అప్పుడే తీసి చూసింది. ఆపరేషన్ అయిపోయినా, పనిలేక గడిచిన రోజులకు ఏదైనా వస్తుందేమోనని ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. కమిటీ నిర్ణయం మంచి కాగితం మీద ఇంటికి వచ్చింది. కోడలు కుడిచేత్తోనే కవరు చింపింది. అత్తగారు గట్టిగా చదవమన్నారు.

నేరచరిత్ర ఉన్నవారు బాధితులు కాజాలరు గనుక దరఖాస్తు తిరస్కరించడమైనదని అందులో ఉంది. సందు మలుపులో ఆనాడు జరిగిన సంఘటనను కూడా కొత్త వివరాల వెలుగులో సరిదిద్దారు. ఒకే సంచిని ఇద్దరు నేరస్తులు చెరో వైపు లాగినట్టుగా, అక్కడ బాధితులెవరూ లేనట్టుగా నమోదు చేశారు. ఆ మేరకు నగరంలో బాధితుల సంఖ్య ఒకటి తగ్గిందని తెలియజేయడానికి కేంద్రం సంతోషిస్తున్నది.